స్లీప్ ల్యాబ్‌లో ఒక రాత్రి, చేతికి వాచీ: ఒక టీచరమ్మ రివ్యూ

మార్కులు ముందే వేసేస్తాను. స్లీప్ ల్యాబ్‌కి ఐదుకి నాలుగు. చేతికి పెట్టుకున్న స్మార్ట్ వాచీకి, నిద్ర విషయం వరకు, ఐదుకి ఒకటిన్నర. ఆ అర కూడా బ్యాటరీ బాగా వస్తోందని.

నేను ఖమ్మం జిల్లాలో జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. యాభై దాటాయి. కొంతకాలంగా నా గోల ఒకటే: "రాత్రంతా కలలే, నిద్రే లేదు." పొద్దున లేస్తే తల బరువు, మధ్యాహ్నం స్టాఫ్ రూములో కాపీలు దిద్దుతూ కునుకు. కలలు ఎక్కువై నిద్ర చెడుతోందని మా అమ్మ నిర్ధారణ. దిండు కింద ఇనుప ముక్క పెట్టుకోమంది, పెట్టుకున్నాను కూడా. మా ఆయన మాట వేరు: "నీ గురక మధ్యలో ఆగిపోతోందే, నాకు భయమేస్తోంది." ఊళ్ళో డాక్టరుగారు ఈ రెండో మాట విన్నాక, నిద్రలో ఒంట్లో ఏం జరుగుతోందో కొలిచే స్లీప్ స్టడీ చేయించుకోమని రాశారు.

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి స్లీప్ ల్యాబ్ అది. పేరు రాయను. బిల్లు దగ్గర ఒక పేచీ వచ్చింది, అది కింద చెప్తాను. పేరు పెట్టి రచ్చ చేయడం నా ఉద్దేశం కాదు.

ఫోన్ చేస్తే రెండు రకాలున్నాయన్నారు. ఒకటి ఇంటికి తెచ్చుకునే చిన్న పెట్టె. ఊపిరి, ఆక్సిజన్, నాడి చూస్తుంది, ఖర్చు తక్కువ. రెండోది ల్యాబ్‌లో పడుకుని చేయించుకునేది, పాలీసోమ్నోగ్రఫీ, పన్నెండు వేలు. తేడా ఏమిటని అడిగితే అవతల అమ్మాయి సరిగ్గా చెప్పింది: ఇంటి పెట్టె మెదడుని చూడదు మేడం, మీరు నిజంగా నిద్రపోయారో, కళ్ళు మూసుకుని పడుకున్నారో దానికి తెలియదు. గురక, పగలు మత్తు బాగా ఉండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) అన్న అనుమానం బలంగా ఉన్నవాళ్ళకి ఇంటి పెట్టె చాలు. నాకు కలల లెక్క కూడా తేలాలి కాబట్టి ల్యాబ్‌కే వెళ్ళాను.

వెళ్ళేముందు పాటించాల్సినవి వాట్సాప్‌లో పంపారు. తలస్నానం చేసి రావాలి, తలకి చుక్క నూనె కూడా ఉండకూడదు. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు. పగలు పడుకోకూడదు. గోళ్ళకి రంగు వద్దు. ఆషాఢం కదా, నా పది వేళ్ళకీ గోరింటాకు. టెక్నీషియన్ అమ్మాయి రంగు అడ్డొస్తుందేమోనని ఒక్కో వేలూ మార్చి క్లిప్పు పెట్టి చూసి, చివరికి చిటికెన వేలితో రాజీపడింది.

తీగలు అతికించడానికే ముప్పావుగంట పట్టింది. టేపుతో తల కొలిచి, ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టి, గరుకు జెల్‌తో చర్మం రుద్ది, పేస్టుతో ఒక్కో ఎలక్ట్రోడ్ అంటించింది. ఎందుకమ్మా ఇంత కొలత అంటే, తల చిన్నదైనా పెద్దదైనా అందరికీ అదే చోట పడాలి మేడం అంది. ముక్కు మొదలు దగ్గర్నుంచి తల వెనక బుడిపె దాకా ఉన్న దూరాన్ని పది శాతం, ఇరవై శాతం భాగాలుగా విడగొట్టి చోట్లు గుర్తించే పద్ధతి ఇది. 1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రకటించింది, ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడతారు. తల మీదే కాదు, కంటి కొసల దగ్గర, గడ్డం కింద, రెండు పిక్కల మీద, గుండె మీద కూడా తీగలే. ఛాతీకీ పొట్టకీ బెల్టులు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, గొంతు మీద గురక వినే మైకు. పైన చీకట్లో కూడా చూసే కెమెరా. దానికి ముందే సంతకం పెట్టించుకున్నారు.

అన్నీ పెట్టాక పక్క గదిలోంచి స్పీకర్లో పరీక్షలు మొదలుపెట్టింది. "కళ్ళు తెరిచి పైకి చూడండి... ఇప్పుడు మూసుకోండి... తల కదపకుండా కుడి, ఎడమ చూడండి... పళ్ళు బిగించండి... గురక పెట్టినట్టు శబ్దం చేయండి." చివరిదానికి నాకు నవ్వాగలేదు. కళ్ళు మూసుకున్నప్పుడు ఏం వచ్చిందో నాకు చూపించమని బతిమాలాను. పాపం, ట్యాబ్ తెచ్చి చూపించింది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ పిచ్చిగీతల్లా ఉన్నది, మూయగానే సెకనుకి పది చొప్పున చక్కటి అలలుగా మారింది. ఆల్ఫా అలలు. జర్మనీలో యేనా అనే ఊళ్ళో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మనిషి మెదడు విద్యుత్తుని మొదటిసారి రికార్డు చేశాడు. ఐదేళ్ళపాటు తన కళ్ళని తానే నమ్మలేక, 1929లో గానీ ప్రచురించలేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఓమ్ నియమం చెప్తున్నదాన్ని, నా తలలోంచి వచ్చే వోల్టేజీని చూడటం అదే మొదలు. టార్చిలైటు సెల్లు ఒకటిన్నర వోల్టులు కదా, అందులో లక్షో వంతు ఎంతో, ఆ గీత ఎత్తు దాదాపు అంత. అంత చిన్నదాన్ని ఫ్యాను, ఏసీ, సెల్‌ఫోన్ల గోలలోంచి వడగట్టి చూపిస్తోందంటే పన్నెండు వేలలో సగం నాకు అక్కడే వసూలైపోయింది.

ఇక పడక. మంచం బాగుంది, దుప్పటి శుభ్రంగా ఉంది, ఏసీ మాత్రం మరీ చలి. కారిడార్లో ఎవరిదో ఫోన్ రెండుసార్లు భక్తి పాట పాడింది. స్లీప్ ల్యాబ్ బయట ఫోన్ సైలెంట్‌లో పెట్టాలని సిబ్బందికి చెప్పేవాళ్ళు లేరా? ఒక మార్కు అక్కడ పోయింది. బాత్రూముకి వెళ్ళాలంటే తీగలన్నీ పీకక్కర్లేదు, అన్నీ ఒక డబ్బాలోకి వస్తాయి, డబ్బాని మెళ్ళో వేసి పంపిస్తారు. దాని గురించి భయపడి నీళ్ళు తాగడం మానేయకండి.

కొత్త చోట నిద్ర పట్టదని మనందరికీ తెలిసిందే. ల్యాబుల వాళ్ళకి కూడా 1960ల నుంచే తెలుసు, మొదటి రాత్రి ప్రభావం అంటారు, అందుకే ఒక్క రాత్రి లెక్కల్ని కొంచెం చూసీ చూడనట్టు తీసుకుంటారు. 2016లో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకో అడుగు ముందుకెళ్ళారు. కొత్త చోట మొదటి రాత్రి గాఢనిద్రలో కూడా మెదడు ఎడమ సగం కుడి సగం కన్నా కాస్త మెలకువగా ఉండి, శబ్దాలకి ఎక్కువగా స్పందిస్తోందని చూపించారు. ఆ భక్తి పాట నా ఎడమ సగమే విని ఉంటుంది.

పొద్దున ఐదున్నరకి లేపి ఒక కాగితం ఇచ్చారు. ఎంతసేపు నిద్రపోయాననుకుంటున్నారు? ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? నేను "రెండు గంటలు" అని రాశాను. మనసులో కచ్చితంగా అంతే. మిగతాదంతా కలలు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్లో కూర్చున్నాను, బండిల్‌లో పేపర్లు లెక్కపెడితే ఒకటి తక్కువ, మళ్ళీ లెక్కపెడితే రెండు ఎక్కువ, చీఫ్ ఎగ్జామినర్ టేబుల్ దగ్గర మా ఆడపడుచు కూర్చుని ఉంది. ఇలా తెల్లవార్లూ.

రిపోర్టు ప్రకారం నేను నిద్రపోయింది ఐదు గంటల పది నిమిషాలు.

ఇక్కడే ఈ సర్వీసు విలువ ఉంది. రాత్రి రికార్డునంతా ముప్పై సెకన్ల ముక్కలుగా విడగొడతారు. ఏడు గంటలంటే 840 ముక్కలు. శిక్షణ ఉన్న మనిషి ఒక్కో ముక్కా చూసి ఇది మెలకువ, ఇది ఎన్1, ఎన్2, ఎన్3, ఇది రెమ్ అని గుర్తు వేస్తారు. మన స్పాట్ వాల్యుయేషనే. మొదటి రెండూ తేలిక నిద్ర, ఎన్3 గాఢనిద్ర. రెమ్ అంటే మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే నిద్ర. అలాంటి దశ ఒకటుందని 1953లో షికాగో యూనివర్సిటీలో యూజీన్ అసెరిన్‌స్కీ, ఆయన గురువు నథానియెల్ క్లైట్‌మన్ ప్రకటించారు. అసెరిన్‌స్కీ ముందుగా తీగలు అంటించింది సొంత కొడుకుకే, ఎనిమిదేళ్ళ పిల్లాడికి. ఆ తర్వాత 1957లో విలియం డెమెంట్, క్లైట్‌మన్ కలిసి నిద్రపోయేవాళ్ళని వేర్వేరు దశల్లో లేపి అడిగారు. రెమ్‌లో లేపితే ఐదుసార్లలో నాలుగుసార్లు కల చెప్పారు, మిగతా దశల్లో లేపితే ఎప్పుడో ఒకసారి. అప్పట్లో రెమ్ అంటేనే కల అనుకున్నారు. తర్వాత అలా కాదని తేలింది, మిగతా దశల్లో కూడా కలలొస్తాయి. కానీ పొడుగాటి, కథ ఉన్న, వింత కలలు ఎక్కువగా రెమ్‌వే, అవి తెల్లవారుజామున ఎక్కువసేపు నడుస్తాయి.

నా రిపోర్టుకి వస్తే, గంటకి సగటున ఇరవై నాలుగు సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగింది. ఐదు లోపు మామూలు, పదిహేను దాకా కొద్దిపాటి, ముప్పై దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం. నాది మధ్యస్థం. కానీ రెమ్ నిద్రని మాత్రం విడిగా తీసి చూస్తే గంటకి నలభై పైనే. రక్తంలో ఆక్సిజన్ 81 శాతానికి పడింది. ఎందుకంటే రెమ్‌లో ఒంట్లో కండరాలన్నీ దాదాపు పట్టు వదిలేస్తాయి, ఊపిరి తీసే డయాఫ్రం, కంటి కండరాలు తప్ప. కలలో పరుగెత్తినా మనం మంచం దిగకుండా ఉండేది అందుకే. 1959లో ఫ్రాన్స్‌లో మిషెల్ జువే పిల్లుల మీద ఇది చూపించాడు. గొంతు దగ్గరి కండరాలు కూడా వదులవుతాయి కాబట్టి, నాలాంటి వాళ్ళకి గాలి దారి మూసుకుపోయేది కలల వేళలోనే ఎక్కువ. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు కొన్ని సెకన్లు తట్టి లేపుతుంది. ఆ లేచిన క్షణంలో చేతిలో ఉన్న కల జ్ఞాపకంలోకి పడుతుంది.

డాక్టరుగారు చెప్పిన మాట యథాతథంగా రాస్తున్నాను: "కలల వల్ల మీ నిద్ర చెడట్లేదమ్మా. నిద్ర తెగుతోంది కాబట్టి కలలు గుర్తుంటున్నాయి. మీ పక్కింటావిడకీ అన్నే కలలు వస్తాయి, ఆవిడ లేవదు కాబట్టి ఆవిడకి తెలియదు."

ఇన్నాళ్ళ ఫిర్యాదు ఒక్క వాక్యంలో తలకిందులైంది. రెండు గంటలే పడుకున్నానన్న నా లెక్క కూడా దీంతోనే తేలిపోయింది. మెలకువ క్షణాలన్నీ గుర్తుండి, మధ్యలో నిద్ర గుర్తుండక, మనసు వాటిని కలిపి కుట్టేసి "రాత్రంతా మేలుకునే ఉన్నాను" అంటుంది. రిపోర్టు వినగానే మా ఆయన మొహంలో వెలుగు చూడాలి. "నేను చెప్తే నమ్మలేదుగా!" పన్నెండు వేలకి ఆయనకి దక్కింది అదీ. ఇనుప ముక్క గురించి అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఇక వాచీ సంగతి. పిల్లలు పెళ్ళిరోజుకి కొనిచ్చారు. అదే రాత్రి ఎడమ చేతికి పెట్టుకునే పడుకున్నాను, ల్యాబ్ అమ్మాయి ఒప్పుకుంది. పొద్దున నాకు 83 మార్కులు వేసి, "అద్భుతమైన నిద్ర" అని చప్పట్ల బొమ్మ పెట్టింది. నిద్ర ఆరు గంటల నలభై నిమిషాలు, రెమ్ గంటా యాభై నిమిషాలట. ల్యాబ్ లెక్కలో రెమ్ యాభై రెండు నిమిషాలే.

దాని తప్పేం లేదు. దానికి మెదడు అందదు. అడుగున ఉన్న ఆకుపచ్చ లైటు చర్మం మీద పడి, రక్తం వచ్చి పోయేదాన్ని బట్టి నాడి కొలుస్తుంది. చెయ్యి కదిలిందా లేదా చూస్తుంది. ఆ రెండింటి నుంచి దశల్ని ఊహిస్తుంది. కదలకుండా సీలింగు చూస్తూ పడుకుంటే దాని దృష్టిలో అది తేలిక నిద్ర. ఎన్నింటికి పడుకున్నాం, ఎన్నింటికి లేచాం అనేది ఫరవాలేదు, రోజువారీ అలవాటు గమనించుకోడానికి పనికొస్తుంది. దశల రంగు పట్టీలు మాత్రం అంచనాలే. అంచనా అని ఆ తెర మీద ఎక్కడా ఉండదు, నిమిషాలతో సహా ఘంటాపథంగా చెప్తుంది. నాకు కోపం అక్కడ. ప్రాక్టికల్ రికార్డులో ఇలా రాసుకొస్తే నా పిల్లల్ని వదలను.

పైగా ఆ మార్కుకి ఒక జబ్బుంది. 2014లో అమెరికాలో కొలరాడో కాలేజీలో ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకి ఉత్తుత్తి తీగలు పెట్టి, రాత్రి నీ రెమ్ బాగుంది అని కొందరికీ, బాగాలేదు అని కొందరికీ చెప్పారు. రెండూ కల్పితాలే. బాగుందన్న వాళ్ళు తర్వాతి పరీక్షల్లో బాగా చేశారు, బాగాలేదన్న వాళ్ళు వెనకబడ్డారు. అంటే పొద్దున్నే వాచీలో 58 చూస్తే, ఆ రోజంతా 58 లాగే గడిచే ప్రమాదముంది. మా స్కూల్లో మ్యాథ్స్ సారుకి ఇదే టెన్షన్: రాత్రి మార్కు తగ్గుతుందేమోనని పడుకోగానే గుండె దడ, ఆ దడకి మార్కు తగ్గడం. ఇలా ట్రాకర్ చూసి చూసి నిద్ర పోగొట్టుకోవడానికి 2017లో డాక్టర్లు ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు. వాచీ నెలవారీ చందా కట్టండి, ఇంకా లోతైన విశ్లేషణ ఇస్తాం అంటోంది. కట్టను.

ల్యాబ్‌లో నాకు వెలితి అనిపించింది ఒకటుంది. పన్నెండు పేజీల రిపోర్టులో నా కాళ్ళు ఎన్నిసార్లు కదిలాయో ఉంది, వెల్లకిలా ఎంతసేపు పడుకున్నానో ఉంది. కల వచ్చిందా, ఏమొచ్చింది అని ఎక్కడా లేదు. పొద్దున ఇచ్చిన కాగితంలో ఒక్క గడి పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది? డాక్టరుగారిని అడిగితే వైద్యానికి అది అక్కర్లేదమ్మా అన్నారు. నిజమే కావచ్చు. మా నాన్న మాండూక్యోపనిషత్తు చదివేవారు. పన్నెండు మంత్రాలే, అందులోనే మెలకువ, కల, గాఢనిద్ర, వాటిని దాటిన నాలుగోది అన్నీ వచ్చేస్తాయి. కోరికా కలా రెండూ లేనిది సుషుప్తి అంటుంది అందులో. అంటే అక్కడ నిద్రని పంచింది పడుకున్నవాడి అనుభవాన్ని బట్టి. ఇక్కడ తీగల్ని బట్టి. రెండు లెక్కలూ ఒకే కాగితం మీద ఉంటే చూడాలని నా ఆశ.

పరిశోధన ల్యాబుల్లో అదీ మొదలైంది. కలలో ఉండగానే ఇది కల అని తెలిసేవాళ్ళు కొందరుంటారు. రెమ్‌లో ఒళ్ళు కదలకపోయినా కళ్ళు కదులుతాయి కాబట్టి, వాళ్ళు ముందే ఒప్పుకున్న పద్ధతిలో కళ్ళు అటూ ఇటూ తిప్పి సైగ చేయగలరు. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హెర్న్ అలాంటి సైగ మొదటిసారి పట్టాడు. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ ల్యాబులు కలిసి ఏకంగా ప్రశ్నలే అడిగాయి. నిద్రలో ఉన్న ఒక కుర్రాడిని ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అని అడిగితే, కళ్ళు రెండుసార్లు ఎడమకీ కుడికీ తిప్పి రెండు అని చెప్పాడు. మా తొమ్మిదో తరగతి వెనక బెంచీ వాళ్ళు మెలకువలో ఉండి కూడా ఒక్కోసారి ఇంత చురుగ్గా చెప్పరు.

ఇక పేచీ. ఫోన్లో అడిగినప్పుడు, అవసరమైతే మాస్కు పెట్టి గాలి ఒత్తిడి సరిచూసే రాత్రి కూడా ఇందులోనే అన్నారు. ఆ మాస్కు యంత్రాన్ని సీప్యాప్ అంటారు. ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ కనిపెట్టి 1981లో ప్రకటించింది, ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా ఆపుతుంది. తీరా రిపోర్టు వచ్చాక, అది విడిగా కట్టాలన్నారు. వాట్సాప్ మెసేజీ చూపిస్తే కొంత తగ్గించారు గానీ మొత్తం మాఫీ చేయలేదు. రిపోర్టు కూడా చెప్పిన గడువు దాటాకే వచ్చింది. కాబట్టి మాస్కు రాత్రి కలిపా, విడిగానా అనేది రాతలో తీసుకోండి.

ఎవరు వెళ్ళాలి? గురక మధ్యలో ఆగుతోందని పక్కవాళ్ళు చెప్తే వెళ్ళండి. కలలో తిడుతూ, తన్నుతూ, మంచం మీంచి పడేవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. రెమ్‌లో కండరాలు వదులు కావాల్సింది కాకపోతే అలా జరుగుతుంది, 1986లో మినెసోటా డాక్టర్లు దాన్నొక జబ్బుగా గుర్తించారు. పెద్ద వయసులో అది మొదలైతే, కొందరిలో ముందు ముందు పార్కిన్సన్స్ లాంటివి రావడానికి తొలి సూచన కావచ్చు కాబట్టి న్యూరాలజిస్టుకి చూపించాలి. ఊరికే నిద్ర పట్టడం లేదు అనేవాళ్ళకి మాత్రం ఈ పరీక్ష మామూలుగా అక్కర్లేదు, ముందు డాక్టరుతో మాట్లాడండి, డబ్బు మిగులుతుంది.

శనివారం రాత్రి బుక్ చేసుకోండి, ఆదివారం ఇంట్లో ఉండొచ్చు. మీ దిండు మీరే తీసుకెళ్ళండి. లిఫ్టు పక్క గది వద్దని చెప్పండి. స్వెట్టరు తప్పనిసరి. ఐదున్నరకి లేపి ఆరింటికల్లా పంపించేస్తారు, క్యాంటీన్ ఏడుకి గానీ తెరవరు. తలంతా పేస్టు, నుదుటి మీద ఎర్ర పెన్సిలు గుర్తులు. అక్కడ స్నానానికి వేడినీళ్ళు రావు. ఆ అవతారంలో ఆటో ఎక్కాలి కాబట్టి పెద్ద చున్నీ ఒకటి బ్యాగులో పెట్టుకోండి.